నాలుగో డబ్బా

గసగసాలు నేను తినను. ఎవరైనా అడిగితే ఒంటికి పడవంటాను. మా కోడలు పాపం, మసాలా కూర చేసినప్పుడల్లా నా వాటా విడిగా తీసిపెడుతుంది. అది అబద్ధం. అవి నాకు పడకపోవడమేమీ లేదు. వాటిని చూస్తే నాకు భయం. ముప్పై ఏళ్ళు దాటినా ఆ భయం పిసరంత తగ్గలేదు. ఇంటి ముందు ఏదైనా బండి ఆగి రెండు తలుపులు వెంట వెంటనే చప్పుడైతే, ఇప్పటికీ చేతిలో ఉన్నది కింద పెట్టేసి గోడకి ఆనుకుంటాను. ఏమిటత్తయ్యా అంటే కళ్ళు తిరిగాయంటాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. ఆయన పోయి నాలుగేళ్ళయింది. తెలియకుండానే పోయారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయనకు తెలిసిపోతుందని భయం. ఇప్పుడు నేను కూడా పోతే ఇది ఎప్పటికీ ఎవరికీ తెలియదని భయం. ఈ రెండో భయం ఈమధ్య ఎక్కువైంది, అందుకని రాయడానికి కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ళ మొహం చూసి చెప్పే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నా పేరు, మా ఊరు రాయను. ఏమనుకుంటే అనుకోండి.

అప్పుడు మేం షార్జాలో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ కీపర్. ఇద్దరు చిన్న పిల్లలు. ఎనభైల నడుమ అక్కడ పనులు పడిపోయాయి. సగం లేచిన బిల్డింగులు చువ్వలు బయటపెట్టుకుని అలాగే ఆగిపోయాయి. మా బిల్డింగులోనే వారానికొక ఇల్లు ఖాళీ అయ్యేది. "ఖలాస్ అయింది" అంటే చాలు, అందరికీ అర్థమయ్యేది. వీసా రద్దు, సామాను అమ్మకం, టికెట్టు. చివరికి మాకూ ఖలాస్ అయింది. నెల గడువిచ్చారు.

మా బిల్డింగ్ వెనక ఇసుక మైదానంలో ప్రతి శుక్రవారం పొద్దున ఒక బజారు జరిగేది. మొదలుపెట్టింది తెల్లవాళ్ళు. దేశం వదిలిపోయే ముందు అక్కర్లేని ఇంటి సామాను కారులో వేసుకొచ్చి, డిక్కీ ఎత్తి, అందులోనే పరిచి అమ్మేవాళ్ళు. వాళ్ళని చూసి మనవాళ్ళూ నేర్చుకున్నారు. మేం దాన్ని డిక్కీ బజారు అనేవాళ్ళం. క్యాంపుల్లో ఉండే కూలి జనం సెలవు రోజున బస్సెక్కి వచ్చి బకెట్లు, దుప్పట్లు, గిన్నెలు కొనుక్కుపోయేవాళ్ళు.

ఆ బజారులో నేను ఘటికురాలిని. గొప్పకి చెప్పడం లేదు, ఇది చెప్పకపోతే తర్వాతది మీకు తెలియదు. నాకు నోరెక్కువ. సామాను అమ్ముకోవాల్సిన ఆడవాళ్ళు ముందు రోజు మా ఇంటికొచ్చి సలహా అడిగేవాళ్ళు. అడగకపోయినా చెప్పేదాన్ని. పొద్దున్నే పోండి, ఎండెక్కితే కొనేవాళ్ళకీ చిరాకే, అమ్మేవాళ్ళకీ చిరాకే. నిమ్మ తొక్కకి ఉప్పద్ది స్టీలు తోమండి. డిక్కీలో ఉతికిన తెల్ల దుప్పటి పరవండి, దుప్పటి మరకగా ఉంటే గిన్నెలన్నీ మరకగానే కనిపిస్తాయి. మిక్సీకి మూతలు తాడుతో కట్టండి, మూత పోయిందంటే మిక్సీ పోయినట్టే. మొగుడి చేత గిన్నెలు అమ్మించకండి, రెండో మాటకే దిగిపోతాడు. అన్నిటికన్నా ముఖ్యం, వస్తువులో లోపం ఉంటే మీ నోటితో మీరే ముందు చెప్పండి. ఈ ఇస్త్రీపెట్టె తీగ ఒకసారి అతికించాం అని మీరే అన్నారనుకోండి, మిగతా పది వస్తువులకీ మీ మాట నమ్ముతారు. దాచి అమ్మితే సరుకు పోతుంది, దాంతోపాటు మాట కూడా పోతుంది.

ఈ చివరి మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

ఇంకొకటి కూడా చెప్పేదాన్ని. ఉత్త డబ్బా అమ్మకండి అని. మా అత్తగారు ఎవరి గిన్నె వాళ్ళకి తిరిగిచ్చేటప్పుడు ఉత్తది ఇచ్చేవారు కాదు. ఏమీ లేకపోతే నాలుగు బియ్యపు గింజలైనా వేసేవారు. ఉత్త గిన్నె ఇస్తే ఇచ్చినింటికీ పుచ్చుకున్నింటికీ మంచిది కాదట. నాకు ఆ అలవాటు పట్టుబడింది. డబ్బా అమ్మితే గుప్పెడు ఏదో ఒకటి వేసి ఇచ్చేదాన్ని. మనవాళ్ళు కొంటే మూత తీసి చూసి నవ్వేవాళ్ళు. తెల్లవాళ్ళు కొంటే పక్కకి పోయి దులిపేసేవాళ్ళు.

ఒక గురువారం సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. కంపెనీ తరఫున సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషొకడు ఉండేవాడు, మందూబ్ అనేవాళ్ళు. ఊరికి పోయేవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఆయన చెప్పాడట. గసగసాలు ఈ దేశంలో మత్తుమందు కింద లెక్క. పెట్టెలో దొరికినా, ఇంట్లో దొరికినా జైలే. వంటకని చెప్పినా వినరు.

"మనింట్లో లేవు కదా?" అన్నారు.

"లేవు," అన్నాను.

ఉన్నాయి. ఏడాది కిందట ఊరి నుంచి వస్తున్నవాళ్ళ చేత మా అత్తగారే ఆవకాయతో పాటు మూటగట్టి పంపారు. సగానికి పైగా సీసాలో మిగిలి ఉన్నాయి. సీసా స్టవ్ పక్కనే ఉంది. ఆయన నిలబడ్డ చోటికి నాలుగడుగులు. తల తిప్పితే కనిపించేది. తిప్పలేదు.

ఎందుకు లేవన్నాను? ఆయన మొహం చూసి. మా ఆయన మహా పిరికి మనిషి, పాపం. ఉన్నాయంటే నేను వాటిని వదిలించడంతో పాటు ఆయన్ని కూడా ఓదార్చాలి. ఎందుకొచ్చిన గోల, చప్పుడు కాకుండా నేనే పారేస్తాను అనుకున్నాను. అలాంటప్పుడు ఆడే అబద్ధం అబద్ధంలాగే అనిపించదు.

పారేయడం ఎంతసేపు అంటారు మీరు. నేనూ అలాగే అనుకున్నాను. ఆయన బయటికి వెళ్ళగానే ఒక చెంచాడు తీసి సింకులో పోసి కుళాయి తిప్పాను. నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. మిద్దె మీద ట్యాంకు ఖాళీ. నీళ్ళ ట్యాంకరు మర్నాడు గాని రాదు. గింజలు సింకు నిండా అతుక్కుని ఉండిపోయాయి. వేలితో అద్ది అద్ది తీశాను. తీసినవి వేలికి అంటుకున్నాయి. మత్తుమందు అన్న మాట వినకముందు అవే గింజలు రోట్లో నూరి, వేలు నాకి ఉప్పు చూసిన దాన్ని, అప్పుడు ఆ వేలిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చెత్తలో వేద్దామంటే, చెత్త తీసేవాడు ప్రతి సంచీ విప్పి చూస్తాడు, ఏ సంచీ ఏ ఇంటిదో వాడికి తెలుసు. ఇసుకలో పోద్దామంటే, రెండేళ్ళ కిందట నేను కిటికీలోంచి విసిరేసిన పుచ్చు ధనియాలు ఏసీ నీళ్ళు కారేచోట పడి కొత్తిమీర మొలిచింది. బిల్డింగంతా చూసి నవ్వుకున్నారు. ఇవి మొలిస్తే? సరిగ్గా మా కిటికీ కింద మొలిస్తే? కూరలో వేసి తినేయొచ్చు కదా అంటారేమో. మందు అన్నాక పిల్లల కంచంలో ఎలా పెడతాను? భయం పడితే బుద్ధి పనిచేయదంటారు. అదేం కాదు. నా బుద్ధి బాగానే పనిచేసింది, ఎలా పనిచేసిందో చెబుతాను.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే కారులో సామాను సర్దుతున్నాను. కంపెనీ ఇచ్చిన పాత తెల్ల కారు, దాన్నీ తిరిగి అప్పజెప్పాలి. అమ్మాల్సిన వాటిలో ఊరి నుంచి తెచ్చుకున్న స్టీలు డబ్బాలు నాలుగున్నాయి, పెద్దదాని నుంచి చిన్నదాకా ఒక వరస. మొదటిదాంట్లో గుప్పెడు బియ్యం వేశాను. రెండోదాంట్లో కందిపప్పు. మూడోదాంట్లో పంచదార. నాలుగోదాని మూత తీసి, సీసా తెచ్చి, అందులో ఉన్నవన్నీ పోసి, మూత బిగించాను.

ఉత్త డబ్బా ఇవ్వకూడదు కదా అని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. ఆచారానికి గుప్పెడు చాలు. నేను సీసా మొత్తం బోర్లించాను.

ఏ తెల్లావిడో కొని దులిపేస్తుందిలే అనుకున్నానని చెప్పి ఇక్కడితో ఆపేయొచ్చు. ఇన్నేళ్ళూ మనసులో ఇక్కడితోనే ఆపాను. కానీ ఆ డబ్బాలు మొదట అడిగింది మా పై అంతస్తు కేరళ నర్సు. మా చిన్నదానికి జ్వరం కాస్తే డ్యూటీ దిగి, బట్టలు కూడా మార్చుకోకుండా వచ్చి మంచం పక్కన కూర్చున్న మనిషి. డబ్బాలు చేత్తో ఎత్తి, బాగున్నాయంది. ఇవి వేరేవాళ్ళకి మాటిచ్చాను అన్నాను. బదులుగా ఇడ్లీ పాత్ర తక్కువకే ఇచ్చి పంపేశాను.

ఏం అమ్ముతున్నానో నాకు తెలియకపోతే ఆమెకెందుకు అమ్మలేదు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. తెలిసిన మనిషికి కాకుండా, తెలియని మనిషి ఎవరైనా వస్తారని ఆగాను. జవాబు అంతే.

ఎండ ఎక్కుతుండగా అతను వచ్చాడు. ముప్పై లోపు ఉంటాయి. సజ్జా క్యాంపు నుంచి వచ్చానన్నాడు. సిమెంటు పనికి వేళ్ళ చివర్లు పగిలి తెల్లగా ఉన్నాయి. గదిలో ఎనిమిది మంది, ఈ నెల వంట తన వంతు, ఏది పెట్టినా చీమలు, గట్టి మూతలున్న డబ్బాలు కావాలి. నా మాట వినగానే తెలుగని పోల్చుకుని మొహం విచ్చుకుంది. బేరమే ఆడలేదు. పెద్ద డబ్బా చేతిలో ఊపి చూశాడు.

"అక్కా, గీ డబ్బలు బరువున్నయి. లోపట ఏమన్న ఉన్నయా?"

"ఉత్త డబ్బా ఇవ్వకూడదు కదయ్యా. తలా కాస్త వేశాను. బియ్యం, పప్పు, పంచదార."

"గీ చిన్నదాంట్ల?"

"అవీ వంటలోకే. మసాలాలో వేసుకో."

చిన్న డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. మూత తీసి చూస్తాడేమోనని నా ప్రాణం పోయింది. తీయలేదు.

"మా అవ్వ సుత గిట్లనే జేస్తది. నేనొచ్చి నాలుగేండ్లాయె. ఇంటోళ్ళ లెక్క ఇచ్చింది నువ్వే అక్కా."

తువ్వాల్లో మూట కట్టుకుని, దండం పెట్టి, మైదానానికి అడ్డంపడి నడుచుకుంటూ పోయాడు. పిలవచ్చు. నా గొంతు ఆ కొసకి వినిపిస్తుంది, అందరూ దానికే ఏడిపించేవాళ్ళు నన్ను. ఇదిగో అబ్బాయ్, ఆ చిన్న డబ్బా ఇలా ఇవ్వు అంటే సరిపోయేది. పిలవలేదు. అతను కనుమరుగయ్యాక నాకేమనిపించిందో కూడా చెప్పాలి కదా. హాయిగా అనిపించింది. ఇంటికొచ్చి పిల్లలకి సేమ్యా పాయసం చేసి పెట్టాను.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం ఖాదర్ వచ్చాడు. మా కంపెనీ డ్రైవరు, కడప మనిషి, నన్ను వదినా అనేవాడు. ఎప్పుడొచ్చినా టీ అడిగి తాగేవాడు. ఆ రోజు ఇస్తానన్నా వద్దన్నాడు. నిలబడే మా ఆయనకి చెప్పాడు.

సజ్జా క్యాంపులో రాగి తీగ దొంగతనం జరిగిందని పోలీసులు వచ్చి గదులన్నీ వెతికారట. తీగ దొరకలేదు. ఒక గదిలో, ఆ శుక్రవారం డిక్కీ బజారులో కొన్న చిన్న డబ్బా దొరికింది. ఆఫీసరు గింజలు అరచేతిలో పోసుకుని "ఖష్‌ఖాష్?" అన్నాడట. అది అరబ్బీలో దాని పేరు. క్యాంపులో హిందీ మాట్లాడి మాట్లాడి, గసగసాలని ఖస్‌ఖస్ అంటారని డబ్బాలు కొన్న కుర్రాడికి తెలుసు. సాబ్ మన వంట సామాను గుర్తుపట్టాడే అని సంబరపడి, "హా సాబ్, ఖస్‌ఖస్, సాలన్ మే డాల్తే," కూరలో వేస్తాం అని, అన్నాడట నవ్వుతూ. వాళ్ళు దాన్ని అతను ఒప్పుకున్నట్టు రాసుకుని అతన్ని తీసుకుపోయారు. పేరు లింబాద్రి. నిజామాబాద్ దిక్కు. డబ్బాలు అమ్మినప్పుడు నేను అడగని పేరు అలా తెలిసింది.

"వానికి అమ్మినామె దొరికితే బాగుండు సార్," అన్నాడు ఖాదర్. "అవి నావి, వానికేం తెలీదు అని ఆమె వచ్చి చెబితే, వాళ్ళ ముదీరు, అదే వాళ్ళ మేనేజరు, దగ్గరుండి మాట్లాడతానన్యాడంట. వీడికేమో ఆమె పేరు తెలీదు, ఇల్లు తెలీదు. ఎవురిచ్చినార్రా అంటే అక్క ఇచ్చింది అంటాడంట. పేరే తెలీని అక్క యాడుంటాదిరా అని ఆఫీసులో నవ్వుతుండారు."

"వచ్చి చెబితే ఆమెని పట్టుకోరా?" అన్నారు మా ఆయన.

"అది నేనెట్ల చెప్పేది సార్."

మా ఆయన నా వైపు తిరిగారు. "ఆ వేళ మనమూ డబ్బాలు అమ్మాం కదే. ఎవరు కొన్నారు?"

నేను తడుముకోలేదు. "పై అంతస్తు నర్సు కొంది," అన్నాను.

ఆయన నమ్మారు. ఖాదర్ నమ్మాడో లేదో ఇప్పటికీ తెలియదు. నేను గిన్నెలు తుడిచే గుడ్డ పిండుతూ ఉన్నాను, అతను దాని వైపు చూశాడు. అందులో తడి లేదు. "గ్యాపకమొస్తే చెప్పు వదినా," అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పది రోజులు ఎలా గడిచాయో ఏం చెప్పను. గంట మోగితే పిల్లల్ని తలుపు తీయనిచ్చేదాన్ని కాదు. కింద జీపు ఆగితే మెట్ల మీద అడుగులు లెక్కపెట్టేదాన్ని, మాది రెండో అంతస్తు, ముప్పై రెండు మెట్లు. ఆ రోజు కట్టుకున్న ఆకుపచ్చ చీర చింపి మసిగుడ్డలు చేశాను. నర్సు మా ఆయనకి ఎదురుపడి, డబ్బాలు నేనెక్కడ కొన్నాను అంటుందేమోనని, ఆయన ఆఫీసుకి వెళ్ళే వేళా వచ్చే వేళా గుమ్మంలో కాపలా. అన్నం సయించేది కాదు. ఊరికి పోతున్నామన్న బెంగేమో అనుకున్నారు ఆయన. అవును అన్నాను.

వెళ్ళి చెప్పాలని అనిపించలేదా అంటే, అనిపించింది. రోజుకి పదిసార్లు అనిపించింది. చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళాను కూడా. పోలీసుల ముందు నిలబడితే నన్ను ఉంచేస్తారు, పిల్లల్ని ఎవరు చూస్తారు, ఈయన పిచ్చివాడైపోతారు. అదంతా నిజమే. నా పిల్లల సంగతి అన్నిసార్లు ఆలోచించాను. లింబాద్రికి పిల్లలున్నారా అని ఒక్కసారి కూడా ఖాదర్‌ని అడగలేదు.

మేం బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు శుక్రవారం వచ్చింది. నేను బజారుకి దిగలేదు. పరదా చాటు నుంచి చూస్తున్నాను. ఇద్దరు క్యాంపు మనుషులు డిక్కీ డిక్కీకీ వెళ్ళి ఆడవాళ్ళని ఏదో అడుగుతున్నారు. ఒకతని చేతిలో స్టీలు డబ్బా ఉంది. నా పెద్ద డబ్బా. చిన్నది పోలీసులు పట్టుకుపోతే మిగతావి గదిలో ఉండిపోయినట్టున్నాయి. అతను దాన్ని తలకిందులు చేసి, అడుగు భాగం మీద వేలు పెట్టి అందరికీ చూపిస్తున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మన ఇళ్ళల్లో స్టీలు సామాను మీద పేరు చెక్కిస్తాం కదా. ఆ వరసలో పెద్ద డబ్బా అడుగున మా అత్తగారి పేరుంది, ఇంటిపేరుతో సహా, తెలుగులో. అక్షరానికి ఇంత అని చెక్కేవాడు అడిగాడని ఆవిడ ఒక్క డబ్బా మీదే వేయించారు. తోమినన్నాళ్ళూ నా వేళ్ళ కింద తగిలిన అక్షరాలు. అమ్మిన రోజు నాకు గుర్తే లేదు. ఆ పేరు అక్కడ ఎవరికీ తెలియదు. ఒక్క మనిషికి తప్ప.

ఆ ఒక్క మనిషి నా వెనకే బూట్లు తొడుక్కుంటున్నారు. మంచం కొనేవాడు వస్తానన్నాడు, కిందికి వెళ్ళి చూసొస్తానన్నారు. ఏమిటో జనం మూగారు, అదేమిటో కూడా చూస్తానన్నారు.

నేను కడుపు పట్టుకుని నేల మీద పడిపోయాను.

నొప్పి లేదు. ఏమీ లేదు. ఆయన కిందికి దిగితే తల్లి పేరు చదువుతారు, చదివితే అన్నీ తెలుస్తాయి. అందుకని పడ్డాను. దొర్లాను, అరిచాను. పిల్లలు బెదిరి ఏడుపు మొదలుపెట్టారు. ఆయన ఒక బూటుతోనే పై అంతస్తుకి పరిగెత్తి నర్సుని తీసుకొచ్చారు. ఆమె నా పక్కన కూర్చుని పొట్ట మీద అక్కడా ఇక్కడా నొక్కింది. నాడి చూసింది. నా కళ్ళలోకి చూసింది. ఆమెకి తెలిసిపోయింది, నాకు జబ్బేమీ లేదని. ఎందుకని మాత్రం తెలియదు. "గ్యాస్ అయ్యుంటుంది, కాసేపు దగ్గరుండండి," అని హిందీలో ఆయనతో చెప్పి వెళ్ళిపోయింది. ఆయన నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కింద నుంచి మాటలు వినిపిస్తున్నాయి. తెలుగు మాటలు. "గీ పేరు ఎవరిదన్న ఎర్కేనా అమ్మా?" అని అతను ఎవరినో అడుగుతున్నాడు. ఎండకి జనం పల్చబడేదాకా అడిగాడు. తర్వాత వినిపించలేదు.

ఆయన నా నుదురు తుడుస్తూ, "నీకేమన్నా అయితే మేమేం కావాలే," అన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను.

డబ్బాలు అమ్మడం కన్నా ఇది పెద్ద తప్పు. అవి అమ్మినప్పుడు ఎవరికేమవుతుందో తెలియదని ఇంకా అనొచ్చు. ఈ శుక్రవారం నాటికి అంతా తెలుసు. మనిషి తెలుసు, పేరు తెలుసు, ఎక్కడున్నాడో తెలుసు, ఏం చెబితే బయటపడతాడో కూడా తెలుసు. తెలిసి పడుకున్నాను.

విమానాశ్రయంలో పెట్టె విప్పించారు. ఆఫీసరు పచ్చడి సీసా మూత తీసి వాసన చూసి, మొహం చిట్లించి, పొమ్మన్నాడు. అంతే. నాకు ఏమీ కాలేదు. ఈ కథంతటిలో నాకు ఏమీ కాలేదు.

ఆరేడు నెలలకి ఖాదర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. భోజనాల దగ్గర మా ఆయన పైకి చదివారు. అందరి క్షేమాలూ రాసి, చివర్న సజ్జా పిల్లోడు ఇంకా లోపలే ఉన్నాడని ఒక ముక్క రాశాడు. అతని స్నేహితులు కూడా వెతకడం మానేశారట. మా ఆయన ఉత్తరం మడిచి, "ఆ ఆడమనిషి ఎవరో గాని, అన్నం ఎలా తింటోందో," అన్నారు. నేను ఆయన కంచంలో పప్పు వడ్డించాను. నాకూ వడ్డించుకున్నాను. తిన్నాను కూడా.

దాని తర్వాత ఏమయిందో తెలియదు. ఎన్నాళ్ళుంచారో, ఎప్పుడు పంపారో, అసలు ఇంటికి చేరాడో లేదో. తెలుసుకోవాలంటే తెలుసుకోవచ్చు, ఉత్తరం రాస్తే ఖాదర్ చెప్పేవాడు. బతికే ఉన్నాడని తెలిస్తే ఎదురుపడాలి. లేడని తెలిస్తే ఇక నేను నిద్రపోలేను. అందుకని తెలియకుండా ఉంచుకున్నాను. ఒకసారి పెళ్ళికి పోతుంటే రైలు నిజామాబాద్‌లో ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఎవరో ఎవరినో "అక్కా" అని పిలిచారు. కిటికీ దించేశాను. ఉక్కపోతకి పక్కవాళ్ళు విసుక్కున్నా రైలు కదిలేదాకా ఎత్తనివ్వలేదు.

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. అడగాల్సిన మనిషి మీరు కాదు. ఇన్నేళ్ళ తర్వాత రాస్తే లింబాద్రికి ఒక్క రోజు కూడా తిరిగి రాదు, ఆ మాత్రం నాకు తెలుసు. మా కోడలు ఇది చదివితే ఏమనుకుంటుందో అని ఇప్పుడు కూడా భయంగానే ఉంది. ఐనా ఆ ఆఫీసరు ముందు నిలబడి చెప్పాల్సిన మాటలు ఒకసారైనా నా చేత్తో రాయాలి. రాస్తున్నాను.

సజ్జా క్యాంపులో దొరికిన డబ్బా నేను అమ్మింది. అందులోని గసగసాలు నావి. అవి ఇక్కడ నేరమని తెలిసే, వదిలించుకోవడానికి నేనే అందులో పోశాను. లింబాద్రికి ఏమీ తెలియదు. అతన్ని వదిలేయండి.

గట్టిగా చదివి చూశాను. అర నిమిషం కూడా పట్టలేదు.